తలుపుకు అంటించిన సమను

నేను కోర్టుకు రాలేదని చెప్పి నా భూమిని ఇంకొకరికి ఇచ్చేశారు. నన్ను రమ్మని పిలిచినవాడు లేడు. పిలిచినట్టు కాగితం మాత్రం ఉంది. ఆ కాగితాన్ని మా ఇంటి తలుపుకు అంటించానని కోర్టు బంట్రోతు ప్రమాణం చేసి మరీ రాసిచ్చాడు. అంటించాడు, అబద్ధం కాదు. కానీ ఆ వేళకి ఆ తలుపు వెనక మా ఇల్లు లేదు.

ఈ సంగతి చెబితే ఇప్పటి కుర్రాళ్లు నవ్వుతారు. నవ్వనీయండి. నేను ఏ బళ్లోనూ చదువుకోలేదు. సంతనించి పొట్లాలు కట్టి తెచ్చిన అచ్చుకాగితాలు, ఎవరో పారేసిన పాత పంచాంగాలు పట్టుకుని అక్షరాలు నేర్చుకున్నాను. అలా కూడబలుక్కుని చదవడం వచ్చింది గనకనే నామీద ఏం రాశారో నాకు తెలిసింది. తెలియకపోయినా బాగుండేదేమో అనుకున్న రోజులూ ఉన్నాయి.

మాది లంక. ధవళేశ్వరం ఆనకట్టకి దిగువన రెండు పాయల మధ్య ఇసుకా ఒండ్రూ కలిసి లేచిన నేల. పొగాకు వేస్తే ఆకు చెయ్యంత పొడుగు వస్తుంది. శ్రావణం వచ్చిందంటే నీళ్లొస్తాయి. గట్టుమీద వాళ్లు కలకాలం ఉండాలని ఇల్లు కట్టుకుంటారు. లంకలో మేం విప్పుకోవడానికి వీలుగా కట్టుకుంటాం. తాటాకు కప్పు, వెదురు వాసాలు, మట్టి మెత్తిన తడకలు. అందులో విలువైన వస్తువంటూ ఉంటే అది తలుపే. మా తాత ఎగువనించి తెప్పలమీద వచ్చిన టేకు కొని చేయించాడట. వరద కబురు రాగానే ముందు పిల్లల్ని పడవ ఎక్కిస్తాం, తరవాత గింజల్ని, తరవాత తలుపుని. మిగిలినదంతా గోదారికి వదిలేస్తాం.

మా తలుపు మా బావ ఇంటి చూరు కింద నిలబెట్టేవాళ్లం. బావ అంటే మా అక్క మొగుడు. వాళ్ల ఇల్లు ఏటిగట్టు మీద. మాదొక్కటే కాదు, లంకలో అయినవాళ్ల తలుపులు ఇంకా కొన్ని అక్కడే గోడకి ఆనించి ఉండేవి. నీళ్లు తీశాక ఎవరి తలుపు వాళ్లు తీసుకుపోయేటప్పుడు ఇది నాదంటే నాదని తగువు. ఒక ఏడు ఎవరో మా తలుపు పట్టుకుపోయి వాళ్ల దొడ్డికి పెట్టుకున్నారు. మార్గశిరం దాకా తిరిగి ఇవ్వలేదు. అప్పటినించీ మా అమ్మకి ఆ తలుపు మీదే ప్రాణం. వరద రోజుల్లో దాని పక్కనే చాప వేసుకుని పడుకునేది.

మగవాళ్లం గొడ్లను తోలుకుని మెట్టకి పోయేవాళ్లం. గట్టుమీద అన్ని గొడ్లకి మేత ఎక్కడ దొరుకుతుంది? నీళ్లు తీసి, బురద ఆరిందాకా అక్కడే ఉండి ఆశ్వయుజంలో తిరిగొచ్చేవాళ్లం. ఇది లంకలో పుట్టిన ప్రతివాడికీ తెలుసు. నామీద దావా వేసినాయనకి మరీ బాగా తెలుసు. ఆయనా లంకవాడే గనక.

ఆయన మా పక్క నేలచెక్క రైతు. చుట్టరికం ఏమీ లేకపోయినా నేను బాబాయి అని పిలిచేవాణ్ని. మా ఇద్దరి నేలకీ మధ్య గట్టు లేదు, రాయి లేదు. లంకలో రాయి పాతితే వచ్చే ఏటికి అది ఎక్కడ తేలుతుందో దేవుడికే తెలియాలి. మాకు సరిహద్దంటే సూటి. ఈ గట్టున జంట తాడిచెట్లు, ఆ గట్టున పాత ఉప్పు కొఠారు గోడ మూల. లంకలో నిలబడి వెనక్కి తిరిగితే కొఠారు మూల వీపుకి సరిగ్గా రావాలి, ముందుకు తిరిగితే రెండు తాళ్ల సందులోంచి ఆకాశం కనపడాలి. అలా కనపడేచోటల్లా పుల్ల పాతుకుంటూ పోతే అదే హద్దు. తూర్పు మాది, పడమర ఆయనది. వరద తీశాక ఇద్దరు రైతులూ కలిసి నిలబడి చూసుకోవడం మా తాతల నాటి పద్ధతి.

అంతకు ముందటేడు బాబాయి నేను రాకముందే తన కొడుకుల్ని వెంటబెట్టుకుని పుల్లలు పాతేశాడు. మా పొగాకు చెక్కలో మంచి ఒండ్రంతా ఆయన వైపు పోయింది. మాకు మిగిలింది ఇసుక. నేను వచ్చి చూసి పుల్లలు పీకేశాను.

"ఏరా, పెద్దవాడు పాతిన పుల్ల పీకుతావా?" అన్నాడు.

"పెద్దవాళ్లు తాళ్ల మధ్య నించి చూడాలి బాబాయీ, తాళ్ల పక్క నించి కాదు" అన్నాను.

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆయన కొడుకు కూడా నవ్వాడు. ఆ నవ్వే మరుసటేడు వరదల్లో మునసబు కోర్టులో దావా అయింది. ఆ చెక్కంతా తనదేననీ, నేను దౌర్జన్యంగా దున్నుకుంటున్నాననీ. ఆ చెక్క పోతే మా ఇంట్లో పొయ్యి వెలిగే దారి లేదు. ఆ తాళ్ల మాట ఒక్కటి న్యాయాధికారి ముందు చెప్పుకుంటే చాలు, తరవాత ఆయన ఏం రాసినా సరే అనుకునేవాణ్ని. ఆ ఒక్క మాటా చెప్పుకోవడానికి నా వయసులో మంచి భాగం పోయింది.

బంట్రోతు వచ్చిన రోజు సంగతి మా అమ్మ చెప్పగా విన్నదే. ఒకసారి కాదు, ఆవిడ బతికున్నంత కాలం చెబుతూనే ఉంది.

"ఏమ్మా, ఫలానా ఆయన ఇల్లు ఇదేనా?" అన్నాట్ట.

"ఇది మా అల్లుడి ఇల్లు బాబూ. మా అబ్బాయి ఇల్లు అదిగో, ఆ నీళ్లలో ఉంది."

"మీ అబ్బాయి ఎక్కడ?"

"గొడ్లతో మెట్టకి పోయాడు."

"మీ అల్లుడు?"

"కాలవ పనికి."

"మరి ఇంట్లో మగవాళ్లెవరూ లేరా?"

"ఉన్నాడుగా, నా చంకలో" అని మా అక్క కొడుకుని చూపించిందట.

బంట్రోతు నవ్వలేదు. వాన పడుతోంది, మళ్లీ ఊరు చేరాలి. చూరు కింద తలుపుల వంక చూశాడు. "మీవాళ్ల తలుపు ఇక్కడుందా?" అన్నాడు. మా అమ్మ ముందుకొచ్చి చెయ్యేసి చూపించింది. "ఇదే బాబూ. అసలు టేకు. ఆ గొళ్లెం చూడు, అలాంటిది ఇప్పుడు ఎవరు చేస్తున్నారు?"

"కాస్త గంజి ఉంటే పెట్టమ్మా" అన్నాడు. తాగడానికనుకుంది. ఉప్పు వేసి ఇచ్చింది. అతను అందులో వేళ్లు ముంచి, తలుపుకి రాసి, కాగితం అంటించాడు.

"ఏంటి బాబూ అది?"

"సర్కారు కాగితం. చింపకండి" అని చెప్పి వెళ్లిపోయాడు.

చింపడమా! తలుపు ఎవరిదని అడిగి, మాదంటే కాగితం అంటించి వెళ్లాడు. దానికి మా అమ్మ చేసుకున్న అర్థం ఒక్కటే. వరద రోజుల్లో తలుపులు తారుమారు అవుతున్నాయని కంపెనీవారికి ఇన్నాళ్లకి తెలిసి, ఎవరి తలుపు వాళ్లదని రాసి పెట్టిస్తున్నారు. మా అమ్మ లెక్కలో ఎవరు రాజ్యం ఏలినా కంపెనీవారే. కాగితం తడవకుండా తలుపుని అటు తిప్పి, అంటించిన వైపు గోడకి పెట్టింది. జల్లు కొడితే చాప అడ్డం కట్టింది. తలుపులు తీసుకుపోయే రోజున పక్కవాళ్లు తగువుపడుతుంటే ఆవిడ చేతులు కట్టుకుని నిలబడింది.

"మీ తలుపుకే అంటించారేం వదినా, మావాటికి లేదేం?" అని ఒకావిడ అడిగిందట.

"మీవి మామిడి చెక్కలు కదే. సర్కారువాళ్లకి తెలీదూ?"

నేను ఆశ్వయుజంలో గొడ్లతో దిగేసరికి ముందు తలుపు తిప్పి చూపించింది. ఒక్క అక్షరం చెడలేదు. నిలబడే చదివాను. ఫలానా తేదీన హాజరు కావాలని, కాకపోతే నీ పరోక్షంలో విచారణ జరుగుతుందని రాసి ఉంది. ఆ తేదీ ఎప్పుడో దాటిపోయింది.

"మన పేరే కదరా?" అంది అమ్మ.

"మన పేరే అమ్మా."

"మరి అలా ఉన్నావేంటి?"

గొడ్లను కట్టేయాలని అటు పోయాను. ఆ పూట చెప్పలేదు. మరునాడు కోర్టున్న ఊరికి వెళ్లి తెలుసుకున్నాను. నేను రాలేదు గనక బాబాయి చెప్పిందే నిజమనుకుని డిక్రీ ఇచ్చేశారు. ఇలా ప్రతివాది లేకుండా ఇచ్చేదాన్ని ఎక్స్‌పార్టీ డిక్రీ అంటారు. నేను తిరిగి లంక చేరేసరికి కోర్టు అమీనా వచ్చి పుల్లలు పాతించి చెక్క బాబాయికి అప్పగిస్తున్నాడు. ఈసారి పీకలేదు. పీకితే జైలని చెప్పారు.

డిక్రీ రద్దు చేయమని అర్జీ పెట్టుకోవచ్చని ఒక ప్లీడరుగారు చెప్పారు. సమను నాకు సరిగా చేరలేదని రుజువు చేసుకోవాలట. "చేరలేదండి, నేను మెట్టలో ఉన్నాను" అన్నాను.

"నువ్వు లేకపోతే ఇంట్లో మగమనిషి చేతికివ్వాలి. మగమనిషి లేకపోతే నువ్వు కాపురముండే ఇంటి వీధి తలుపుకి అంటించాలి. అంటించాడుగా?"

"ఇంట్లో అమ్మ ఉందండి. అమ్మకే చెప్పి ఇవ్వచ్చుగా?"

"ఆడవాళ్లకిస్తే చెల్లదు."

ఈ మాట ఇంటికొచ్చి అమ్మకి చెప్పాను. "గంజి ఇవ్వడానికి మాత్రం పనికొచ్చానేం?" అంది.

మునసబు కోర్టులో మా అమ్మే నాకు సాక్షి. ఇల్లు నీళ్లలో ఉందని ఆవిడ కాక ఇంకెవరు చెప్పాలి? దారంతా పడవలో నేర్పాను. అడిగినదానికే చెప్పు, ఎక్కువ చెప్పకు అని. బాబాయి తరఫు ప్లీడరు లేచి చాలా మర్యాదగా అడిగాడు.

"అమ్మా, బంట్రోతు కాగితం అంటించిన తలుపు ఎవరిదండి?"

"మాదేనండి. మా మామగారు చేయించారు."

"ఇంకెవరిదైనా అయుండచ్చునా?"

"అన్నవాళ్ల నోరు పడిపోదూ!"

"వరద రోజుల్లో మీరు ఎక్కడ పడుకునేవారు?"

"దాని పక్కనే. ఎవరన్నా పట్టుకుపోతే?"

"అంటే మీరూ అక్కడే, మీ తలుపూ అక్కడే."

"మరి ఎక్కడుంటామండీ, నీళ్లలోనా?"

అంతా నవ్వారు. మునసబుగారు నవ్వలేదు. కళ్లు నలుపుకుని రాసుకున్నారు. ఆయన బల్లమీద కాగితాల కట్టలు ఆయన తల ఎత్తున ఉన్నాయి, మాది అందులో ఒకటి. బయటికొచ్చాక అమ్మ నా చెయ్యి పట్టుకుని, "బాగా చెప్పానా?" అంది. మా ప్లీడరుగారు మొహం అటు తిప్పుకున్నారు.

"బాగా చెప్పావమ్మా. అన్నీ నిజాలే చెప్పావు" అన్నాను.

అర్జీ కొట్టేశారు. తలుపు తనదేనని అర్జీదారే ఒప్పుకున్నాడు, అతని తల్లి ఆ తలుపు దగ్గరే కాపురమున్నట్టు చెప్పింది, కనక సమను చేరినట్టే అని. తాళ్ల మాట చెప్పబోతే, "అది ఇప్పుడు కాదు, డిక్రీ రద్దయితే అప్పుడు" అన్నారు. డిక్రీ ఎలా రద్దవుతుంది? తలుపు ఇల్లు కాదని రుజువైతే. తలుపు ఇల్లు కాదని రుజువు చేయాల్సిన అవసరం మనిషికి రావడమేమిటని నాకు ఒళ్లు మండిపోయింది. మండి ఏం చేస్తాను? ఆ ఏడు బాబాయి నా చెక్కలో పొగాకు నాటాడు. నేను ఇసుకలో పుచ్చపాదులు పెట్టాను.

తరవాత రాజమహేంద్రవరం పెద్దకోర్టులో అప్పీలు. అక్కడి ప్లీడరుగారు కాగితాలన్నీ చదివి, వెనక్కి వాలి, "ఆ తలుపు తీసుకురాగలవా?" అన్నారు.

"తలుపా అండి?"

"జడ్జి దొరగారు లంక ఎప్పుడూ చూసి ఉండరు. మన తలుపైనా చూస్తారు."

నేనూ బావా తలుపుని పడవలో వేసుకుని బయలుదేరాం. ఎదురు నీరు. ధవళేశ్వరం లాకు దగ్గర గంటలకొద్దీ ఆగాం. కట్టెల పడవలవాళ్లు, కొబ్బరికాయల పడవలవాళ్లు అందరూ అడిగేవాళ్లే. రాజమహేంద్రవరం రేవులో దిగి, ముందు బావ, వెనక నేను, నెత్తిమీద తలుపు మోసుకుంటూ కోర్టు వీధిన పోతుంటే ఒక దుకాణం అరుగుమీంచి ఎవరో కేకేశారు.

"ఏమండోయ్, తలుపు ఇక్కడుంది, ఇల్లేదీ?"

పక్కవాడు అందుకున్నాడు. "వెనకాల నడిచి వస్తోందిలే."

బావకి కోపమొచ్చి ఆగాడు. నేను ఆగనివ్వలేదు. ఆ అరుగుమీదివాడు ఒక్క చూపుకి అడిగిన ప్రశ్న మునసబుగారు ఒక్కసారి అడిగి ఉంటే మాకీ మోత ఉండేది కాదు. అదే అన్నాను బావతో. "నీకు ఇప్పుడు కూడా వాదనేనా, ముందు నీ కొస ఎత్తిపట్టు, నా మెడ విరిగేలా ఉంది" అన్నాడు.

తలుపుని కోర్టు వరండాలో గోడకి ఆనించాం. అచ్చం మా బావ ఇంట్లో ఆనించినట్టే. దొరగారు కుర్చీలోంచి లేచి వచ్చి చూశారు. ఎండిపోయిన గంజి మరక గోటితో గీకి చూశారు. దుబాసీ చేత అడిగించారు, ఇది ఏ ఇంటి తలుపు అని.

"ఈ వేళ ఏ ఇంటిదీ కాదండి. లంకలో నిలబెడితే మా ఇంటిది" అన్నాను.

అవతలి ప్లీడరు ఏదో అన్నాడు. దొరగారు చెయ్యెత్తి ఆపారు. ఇక అయిపోయిందనుకున్నాను. రాసుకున్నారు, వాయిదా వేశారు. తలుపు రుజువు గనక తీర్పయ్యేదాకా కోర్టులోనే ఉండాలన్నారు.

అక్కడినించి నా జ్ఞాపకంలో ఏ వాయిదా ఏదో తెలియదు. ఒకసారి కాగితాలు అందలేదన్నారు. ఒకసారి అవతలి ప్లీడరుకి జ్వరమన్నారు. ఆ దొరగారికి బదిలీ అయి ఇంకొక దొరగారు వస్తే మళ్లీ మొదటినించి చెప్పాం. నేను వెళ్లినప్పుడల్లా వరండా చివర తలుపు ఆనించి ఉండేది. దానిమీద బంట్రోతులు తడిగుడ్డలు ఆరేసుకునేవాళ్లు. మా ఇంటికి తలుపు లేదు. తడక అడ్డం పెట్టుకుని వరదలూ ఎండలూ గడిపాం. నేను ఊరినించి వచ్చినప్పుడల్లా అమ్మ ముందు అడిగేది నేల గురించి కాదు.

"మన తలుపు బాగుందా?"

"బాగుంది."

"చెద పట్టలేదుగా?"

"టేకుకి చెదేంటమ్మా."

"అదీ నిజమే" అనుకుని తృప్తిపడేది. తన సాక్ష్యం వల్లే ఇదంతా జరిగిందని ఆవిడకి ఎవరో చెప్పేశారు. నాతో ఎన్నడూ అనలేదు. కానీ ఆ రోజు నించీ ఎవరేం అడిగినా, చుట్టాలు క్షేమం అడిగినా సరే, ఒక క్షణం ఆలోచించి గాని జవాబు చెప్పేది కాదు. నా చెక్క పోయినదానికన్నా నాకు దానిమీదే ఎక్కువ కోపం. అంత చురుకైన నోరు.

ఆ చెక్క సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. ఇంకా ఎన్నో ఏళ్లకి కోర్టులో తాళ్ల మాట చెప్పుకున్నాను. విన్నారు, నేల తిరిగి వచ్చింది. కొన్నాళ్లు దున్నుకున్నాను. తరవాత ఒక పెద్ద వరదకి గోదారి ఆ పక్కంతా కోసుకుపోయింది. గోదారిమీద నాకు కోపం లేదు. తీసుకుపోయిందే గాని, నన్ను పిలిస్తే రాలేదని చెప్పలేదు.

అదంతా తరవాతి మాట. పెద్దకోర్టు జవాబు వచ్చింది ఒక మాఘమాసంలో. బంట్రోతు పడవ ఎక్కి లంకకి వచ్చాడు. మొదట వచ్చినవాడే, జుట్టు నెరిసింది. ఈసారి తిన్నగా, ఇంటి ముందు అరక బాగుచేసుకుంటున్న నా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. అమ్మ తడక పక్కకి తీసి బయటికొచ్చింది, అతన్ని ఆనవాలు పట్టింది.

"గంజి కావాలా బాబూ?" అంది.

అతను తలొంచుకున్నాడు. "వద్దమ్మా. చేతికే ఇమ్మన్నారు."

చెయ్యి తుడుచుకుని తీసుకున్నాను. అమ్మ నా ఎదురుగా చతికిలబడి, "పైకి చదువు. అంతా చదువు" అంది. అరక దగ్గరే నిలబడి, తడబడకుండా, మొదటినించి చివరిదాకా చదివాను.

"తలుపు ప్రతివాదిది అయినంత మాత్రముచేత అది ఆనించియున్న స్థలము ప్రతివాది కాపురముండు ఇల్లు కానేరదు. సమను సరిగా చేరియుండలేదు. కావున ప్రతివాది పరోక్షమున కింది కోర్టువారు ఇచ్చిన డిక్రీ రద్దు చేయడమైనది. దావా మొదటినుండి తిరిగి విచారింపవలెను. విచారణ తీరువరకు భూమి వాది స్వాధీనమందే యుండవలెను. తలుపును ప్రతివాది తన సొంత ఖర్చుమీద తీసికొనిపోవచ్చును."